మంచుకొండ దాకా మోసుకెళ్లిన మైల

గుడి దాకా మేం వెళ్లలేదు. ఇది ముందే చెప్పేస్తే మంచిది. తిరిగివచ్చిన దగ్గర్నుంచి మొయినాబాద్‌లో ఎదురుపడ్డవాళ్లంతా "దర్శనం మంచిగైందా?" అనే అడుగుతున్నారు. నేను దేవుణ్ణి నమ్మనని తెలిసినవాళ్లు కూడా కొంచెం ఆశగా అడుగుతున్నారు, అంత ఎత్తుకు పోయాకైనా మారి ఉంటానేమోనని.

ఆ గుడి పేరు, దారిలో ఊళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. రాస్తే నా పోట్లాట ఆ గుడితో అనుకుంటారు. ఉత్తరాఖండ్‌లో, చెట్లు ఆగిపోయి రాళ్లు మాత్రమే మిగిలే ఎత్తులో, గడ్డకట్టిన సరస్సు పక్కన ఒక చిన్న రాతిగుడి ఉందని తెలిస్తే చాలు. కొంత దూరం జీపు పోతుంది. ఆ తర్వాత కాళ్లే.

వెళ్లినవాళ్లం ముగ్గురం. నేను, మా పిన్ని కూతురు మంజుల, ఆమె భర్త నాగేశ్. చేవెళ్లలో వాళ్లకు కిరాణా దుకాణం ఉంది. పెళ్లయిన నాటి నుంచి మంజుల ఆ గల్లా దగ్గరే కూర్చుంటుంది. నాగేశ్ తండ్రి బతికున్నప్పుడు ఎప్పుడూ ఆ గుడి మాటే మాట్లాడేవాడట. మోకాళ్లు పోయి, చూడకుండానే పోయాడు. బాపు తరఫున ఒక కొబ్బరికాయ కొట్టి రావాలని నాగేశ్ కోరిక. మంజులకు మంచు చూడాలని కోరిక. నాకు వాళ్లిద్దరినే పంపాలంటే భయం.

"నువ్వు రా వదినె, హిందీ నీకు వస్తది," అన్నాడు నాగేశ్. "గుడి లోపలికి రావద్దులే. బయట చెప్పుల కాడ కూసో."

"కిరాయి ఎంతిస్తవ్?" అన్నాను. అట్లా కుదిరింది బేరం.

చిన్న మంగళారం

కొండ ఎక్కడం నేర్చుకోవడానికి మా దగ్గర కొండ లేదు. చిన్న మంగళారం దగ్గర ఫాంహౌసుల మధ్య మట్టిదారిలో పొద్దున్నే నడిచేవాళ్లం. అక్కడ ఎత్తు అంటే ప్రహరీ గోడలే. పూలతోటల్లో బంతిపూలు కోస్తున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవారు. ఒకామె గంప దించి అడిగింది, "ఏమమ్మా, షుగరా?"

"షుగర్ లేదవ్వా, కొండెక్కనీకి పోతున్నం."

"ఎక్కనీకి గింత నడుసుడెందుకు? మా పొలంల కలుపు తియ్యుర్రి, కాళ్లు గట్టిపడ్తయ్."

ఆమె చెప్పినట్లు చేసి ఉంటే నాగేశ్ పొట్టకు మంచిదే. ఈలోగా పైన కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసేశారని కబురు వచ్చింది. ప్రయాణం వాయిదా పడింది. ఇంకా కొన్నాళ్లు నడవొచ్చు కదా అని నేను సంతోషించాను. ఆ వాయిదా వల్ల మంజుల పర్సులో ఇంకో పని కూడా కొనసాగుతోందని నాకు తెలియదు.

మొయినాబాద్ దవాఖాన

మమ్మల్ని తీసుకెళ్లేవాళ్లు ఆరోగ్య పత్రం అడిగారు. దానికోసం మొయినాబాద్‌లో నాకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె సంతకం పెట్టి పంపే మనిషి కాదు. కుర్చీలు దగ్గరికి జరుపుకోమని, పాఠం చెప్పినట్లు చెప్పింది.

"తలనొప్పి, వాంతులు అందరూ చెప్తారు. నేను ఇంకోటి చెప్తా. ఎత్తుకు పోతే గాలి పలచన. ఒళ్లు ఎర్రకణాలు ఎక్కువ చేసుకుంటది. నెత్తురు చిక్కబడ్తది. దాని మీద నీళ్లు తాగకపోతే ఇంకా చిక్కన. చలికి ముడుచుకొని గుడారంల కదలకుండ పంటే కాళ్లల్ల నెత్తురు పారుడు మందగిస్తది. అప్పుడు పిక్కల గడ్డ కట్టొచ్చు. అది జారి ఊపిరితిత్తుల్లకు పోతే ప్రాణం మీదికి వస్తది."

నాగేశ్ తన పిక్క ఒకసారి ముట్టుకుని చూసుకున్నాడు.

"అందరికీ కాదు, ఫికర్ చెయ్యకుర్రి," అన్నది ఆమె. "కానీ ఒక కాలే ఉబ్బి, నొప్పి లేస్తే మాత్రం పిసకొద్దు. కిందికి దిగాలె. సరే, మీ ముగ్గుర్ల ఎవరన్న గోలీలు వాడుతున్నరా?"

నాగేశ్ గ్యాస్ గోలీ అన్నాడు. నేను బీపీ గోలీ అన్నాను. మంజుల నా వైపు ఒకసారి చూసింది.

"నేనేం వాడనమ్మా," అన్నది.

రైలు, ఆపై బస్సు

ఢిల్లీ దాకా రైల్లో, అక్కడ్నుంచి కొండల్లోకి బస్సులో. అంతా కూర్చోవడమే. నేను డాక్టరమ్మ మాటలు పట్టుకుని గంటకోసారి ఇద్దర్నీ లేపి నడిపించాను. బోగీలో ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, టాయిలెట్ ఖాళీ లేదని చెప్పి పుణ్యం కట్టుకున్నాడు.

మంజుల నీళ్ల సీసా నిండుగానే ఉండటం నేను గమనించాను. "తాగు," అంటే మూత తీసి పెదాలు తడిపి పెట్టేసేది.

"తాగితే దిగాలె అక్కా. దిగితే ఏడికి పోవాలె?"

నిజమే అడిగింది. బస్సు ఆపిన చోటల్లా మగవాళ్లు లోయవైపు తిరిగి నిలబడ్డారు. ఆడవాళ్లం సీట్లలో బిగబట్టుకుని కూర్చున్నాం. చేవెళ్ల నుంచి పరిగికి పోయే బస్సులోనూ ఇంతే. కొండలు మారినా, ఆడదాని దాహానికి అదే కాపలా. పక్కసీటులోని గుజరాతీ ముసలామె తన ఉపాయం చెప్పింది. ప్రయాణం ముందురోజు నుంచే ఆమె నీళ్లు మానేస్తుందట. మంజుల మెచ్చుకోలుగా తలాడించింది. నేను నీళ్ల సీసా ఎత్తి చూపిస్తూ హిందీలో ఉపన్యాసం మొదలుపెట్టాను. ముసలామె వింటూ వింటూ నిద్రపోయింది.

కొండ కింది ఇల్లు

జీపుదారి ఆగిపోయే ఊళ్లో ఒక ఇంట్లో దిగాం. కింద పశువులు, పైన మనుషులు. ఇంటామె పేరు కమలాదేవి. రాగిపిండితో చేసిన నల్లటి రొట్టె, దాని మీద వెన్నముద్ద, పక్కన రాజ్మా పెట్టింది. మన జొన్నరొట్టె కన్నా బరువు. నాగేశ్ రెండో రొట్టె అడిగి, సగంలో ఓడిపోయాడు. నా హిందీకి ఇంట్లో పిల్లలు పడిపడి నవ్వారు. వద్దు అనడానికి మన హైదరాబాదీ "నక్కో" అన్నప్పుడల్లా నాతో మళ్లీ అనిపించుకున్నారు.

టీ మాత్రం ఆ ఇంటి కోడలు తేలేదు. ఆమె కింద, పశువుల కొట్టం వాకిట్లో గోనెసంచి మీద కూర్చుని ఉంది. కమలాదేవి మెట్ల మీద నుంచి వంగి, గ్లాసు తగలకుండా పైనుంచి ఆమె గిన్నెలోకి టీ పోసింది. ఏమిటని అడగక్కర్లేదు. మా చిన్నప్పుడు మా ఇంటి వెనక రేకుల కింద మా అమ్మ కూడా అట్లాగే కూర్చునేది.

నేను ఊరుకోలేదు. ఊరుకోవడం నేను నేర్చుకోలేదు. ఒంట్లో జరిగే పనికి అంటు ఏమిటి, పాలిచ్చే ఆవు పక్కన పడుకుంటే లేని మైల పొయ్యి పక్కన ఎట్లా వస్తుంది, అని అడిగాను. కమలాదేవి కోపం తెచ్చుకోలేదు.

"మీ ఊళ్లో గుళ్లోకి వెళ్తారా, ఆ రోజుల్లో?" అని అడిగింది.

"నేను మామూలు రోజుల్లో కూడా వెళ్లను."

"అయితే నీకేం తెలుస్తుంది?" అని నవ్వి, మంజుల వైపు తిరిగింది. "నువ్వు వెళ్తావు కదా. దారిలో వస్తే ఏం చేస్తావు?"

"రాదు," అన్నది మంజుల వచ్చీరాని హిందీలో. అంత గట్టిగా ఎట్లా చెప్పగలిగిందో నేను ఆలోచించలేదు. నా తర్వాతి వాదన వెతుక్కుంటూ ఉన్నాను.

చివరి టీ దుకాణం

మర్నాడు నడక మొదలైంది. ఓక్ చెట్లు, తర్వాత గడ్డి, తర్వాత రాయి. పైకి పోయేకొద్దీ టీ ధర కూడా ఎక్కుతూ పోయింది. చివరి దుకాణంలో గ్లాసు నలభై రూపాయలు. నాగేశ్ వ్యాపారి ప్రాణం గిలగిల్లాడింది. చక్కెర, పాలపొడి మోసుకొచ్చిన మనిషిని చూశాక, "గిట్టుబాటు కాదు వదినె, నేనైతే యాభై పెడ్త," అన్నాడు.

ఆ దుకాణంలో కులకర్ణి అనే పుణె మనిషి కలిశాడు. యాభై దాటిన వయసు, ఎండకు కమిలిన ముక్కు. మేం గుడికి, ఆయన ఆ పైన కనిపించే శిఖరానికి. మాట్లాడుతున్నంతసేపూ కూర్చునే పాదాలు పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. కాళ్లకు మోకాళ్ల దాకా బిగుతైన మేజోళ్లు.

ఎందుకని అడిగాను. ఆయన స్నేహితుడొకాయన మంచు తుఫానులో గుడారంలో చిక్కుకుని రోజుల తరబడి పడుకున్నాడట. స్టవ్ గ్యాస్ పొదుపు చేయాలని మంచు కరిగించుకోలేదు, నీళ్లు తాగలేదు. పిక్క నొప్పి అంటే కండరం పట్టిందని అందరూ నమ్మారు. కొండ ఎక్కేవాడికి పిక్క నొప్పి ఒక వార్త కాదు గదా. దిగుతుంటే ఆయాసం వచ్చింది. అదీ వార్త కాదు. కింది ఊరు కనిపించే మలుపులో కూలిపోయాడు.

"బతికాడా?" అని అడిగాను.

"బతికాడు. మళ్లీ కొండ ముఖం చూడలేదు." ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "పడిపోతామని భయపడి తాళ్లు తెచ్చుకుంటాం. పడుకుంటే కూడా ప్రమాదమని ఎవరికీ తట్టదు."

అప్పట్నుంచి నాకు ఇంకో భయం పట్టుకుంది. అందరం రొప్పుతున్న చోట ఎవరి రొప్పు ఏ కారణం వల్లో ఎట్లా తెలుస్తుంది? మంజుల ముందు నడుస్తోంది. ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది. నా ఊపిరి దానికంటే పెద్దగా వినిపిస్తోంది.

పై శిబిరం

గుడి కింద ఆఖరి శిబిరం అది. రాళ్ల మధ్య నాలుగైదు గుడారాలు. మమ్మల్ని నడిపించే దీవాన్ అనే ఆయన చెయ్యెత్తి పైన ఒక రాతి గట్టు చూపించాడు. అది దాటితే సరస్సు, గుడి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి మొక్కుకుని రావచ్చు.

పొద్దున మంచు మొదలైంది. మంజుల గుడారం జిప్పు తీసి, అరచేతిలో మంచు పట్టుకుని, నోట్లో వేసుకుని, "ఏం రుచి లేదక్కా," అన్నది. అంత సంతోషంగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నానికి బయటికి పోలేని గాలి లేచింది. ఆ రోజంతా, ఆ రాత్రంతా గుడారంలోనే. నేను డాక్టరమ్మ చెప్పినట్లు అందరి పాదాలూ ఆడించమన్నాను. ఆడించారు, మూడుసార్లు. తర్వాత చలి గెలిచింది. మంజుల స్లీపింగ్ బ్యాగులో ముడుచుకుపోయింది. నీళ్లు అడగలేదు. తాగితే ఆ గాలిలో బయట ఏ రాతి వెనక కూర్చోవాలి?

రెండోనాడు పొద్దునకు గాలి తగ్గింది. మంజుల బయటికి పోదామని లేవబోయి కూర్చుండిపోయింది.

"పిక్క పట్టిందక్కా. రాత్రిసంది గుంజుతున్నది."

నాగేశ్ అప్పటికే సీసా తీశాడు. కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె, చేవెళ్ల నుంచి తెచ్చింది. మా వైపు ఏ నొప్పికైనా మొదటి వైద్యం అదే. దీవాన్ తన వంతుగా వేడి ఆవనూనె తెస్తానన్నాడు. నాగేశ్ ప్రేమగా రెండు చేతులతో ఆమె ఎడమ పిక్క పట్టుకున్నాడు.

"ముట్టకు," అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చెయ్యి తియ్యి నాగేశ్."

"ఏంది వదినె, జర పిసికితే నరం వదుల్తది."

"అది నరం గాకపోతే?"

నా బూటు తాడు ఒకటి ఊడదీశాను. మంజుల కుడి పిక్క చుట్టూ చుట్టి, కలిసిన చోట గోరుతో నొక్కి పట్టుకున్నాను. అదే తాడు ఎడమ పిక్కకు చుట్టాను. కలవలేదు. రెండు వేళ్లు పట్టేంత సందు మిగిలింది. చర్మం బిగిసి, నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే ఆ కాలు ఒక్కటే వెచ్చగా ఉంది.

నాగేశ్‌ను వేడినీళ్లకు పంపాను. దీవాన్ కూడా వెళ్లాడు.

"మంజులా, ఏమన్న గోలీలు మింగుతున్నవా?"

ఆమె స్వెట్టర్ చేతులు కిందికి లాక్కుంది.

"దవాఖానల లేదన్నవ్. మళ్ల అడుగుతున్న."

స్వెట్టర్ లోపల చెయ్యి పెట్టి, ఒంటి వేడికి మెత్తబడ్డ గోలీల అట్ట ఒకటి తీసింది. సగం ఖాళీ.

"ఇది మందు గాదక్కా. డేట్ జరుపుకునే గోలీ. ఆడోళ్లందరు మింగుతరు గుడికి పోయేటప్పుడు."

"ఎప్పట్నుంచి?"

"మొదాలు పోదామనుకున్నప్పటి సంది. వాయిదా పడ్డదని మానలే. మానితే లెక్క తప్పి, సరిగ్గా గుడి కాడ్నే అయితదేమోనని అట్లనే మింగుకుంట వచ్చిన."

ముట్టు ఆపే ఆ గోలీల్లోని మందు కొందరిలో నెత్తురు గడ్డకట్టే గుణాన్ని పెంచుతుందని నేను ఎక్కడో చదివాను. చదవడమేమిటి, ఆడవాళ్ల సభల్లో మైక్ పట్టుకుని చెప్పాను కూడా. ఆ సభల్లో ఒకదానికి మంజుల వచ్చి ముందు వరుసలో కూర్చుంది.

"నాగేశ్‌కు తెలుసా?"

"ఆయనే తెచ్చిండు మెడికల్ షాపు కెళ్లి. అత్తమ్మ చెప్పింది."

"అందరికి తెలుసు. నాకొక్కదానికే తెల్వది."

మంజుల నా మొహం చూసింది. నొప్పిలో కూడా ఆమెకు నవ్వు వచ్చింది, అది నవ్వుగా మారకముందే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"డాక్టరమ్మ అడిగినప్పుడు నువ్వు పక్కన్నే కూసున్నవ్ గదక్కా. చెప్తే నువ్వు ఆడ్నే మీటింగ్ పెడ్తవ్. ముట్టంటే ఏంది, మైలంటే ఏంది, దేవుడు ఏడ ఉన్నడు... అయ్యన్ని ఇనుకుంట కూసుంటే పత్రం రాదు, రైలు పోతది. అందుకే లేదన్న."

నిలబడి జవాబు చెప్పడం నాకు అలవాటు. ఆ గుడారంలో నిలబడే ఎత్తు లేదు.

గట్టు కింద

ఆకాశం తేటపడింది. ఎదురుగా గట్టు. దాని మీదికి మిగతా గుడారాల్లోని యాత్రికుల జట్టు బయల్దేరుతోంది. నాగేశ్ వేడినీళ్ల సీసాతో వచ్చి, గోలీలతో గడ్డ కట్టిందేమో, వెంటనే దిగాలన్న నా మాటలు విన్నాడు. కొబ్బరికాయ ఉన్న సంచి అతని భుజాన్నే ఉంది.

"ఆమె పండుకుంటది. నేను ఉరికిపోయి కాయ కొట్టి ఉరికొస్త. మధ్యాహ్నం అందరం దిగుదాం. ఇంత దూరం వచ్చి..."

"నువ్వు పో," అన్నది మంజుల. "నాకేం గాలే. బాపు కోసం వచ్చినం."

నా నాలుక కొసన ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంది. చనిపోయిన బాపుకు కొబ్బరికాయతో పనేమిటి, బతికున్న భార్యకు డాక్టరుతో పనేమిటి. నిజమైన మాటలే. కానీ కొంతసేపటి క్రితమే ఆ నోటి ఖరీదు నాకు తెలిసింది. అందులో ఒక్క మాట అన్నా నాగేశ్ తన తండ్రి వైపు నిలబడిపోతాడు. అప్పుడు ఆమె ఇక్కడే ఉంటుంది.

"నేను డాక్టర్ను గాను," అన్నాను. "ఇది అలిసిపోయిన పిక్క అయితే నేను తప్పు చెప్పినట్టు, నన్ను జీవితాంతం తిట్టు. కాకపోతే మధ్యాహ్నం దాక మనకు టైం లేదు."

"గోలీ తోనేనా?" అన్నాడు. "నేనే తెచ్చిన."

"గోలీ ఒక్కదాంతోనే అనలే. రైళ్ల కూసున్నది, బస్సుల కూసున్నది, నీళ్లు తాగలే, గుడారంల పన్నది, ఈ ఎత్తు. దాని మీద గోలీ. అన్నీ ఒక్క కాడ కలిసినయ్."

నాగేశ్ గట్టు వైపు చూశాడు. జట్టులో చివరి మనిషి ఎర్రటోపీ రాళ్లమధ్య కనిపించకుండా పోయేదాకా చూశాడు. తర్వాత దీవాన్‌తో, "కిందికి," అన్నాడు.

దిగుడు

కొత్త మంచులో కంచరగాడిద పైకి రాదు. దీవాన్, ఇంకో కూలీ ఆమెను వీపు బుట్టలో కూర్చోబెట్టుకుని వంతులవారీగా మోశారు. తాడు నుదుటికి, బరువు వీపుకి. మంజుల వెనక్కి తిరిగి కూర్చుంది కాబట్టి ఆమె మొహం నాకు ఎదురుగానే ఉంది. నేను దారి చూడలేదు. ఆమె పెదాల రంగు చూశాను, ఛాతీ ఎగిసిపడటం చూశాను. దగ్గినప్పుడల్లా అదే ప్రశ్న అడిగాను.

"ఛాతీల నొప్పున్నదా?"

"లేదక్కా."

"ఊపిరి?"

"ఇప్పుడే అడిగినవ్."

"మళ్ల చెప్పు."

"నా దిక్కే చూసుకుంట దిగకు, కింద..."

ఆమె మాట పూర్తికాకముందే నేను జారి కూలబడ్డాను. ప్యాంటు వెనక చిరిగింది. చేవెళ్ల దుకాణంలో నవ్వినట్లే మంజుల నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఊపిరి తెగకుండా సాగిందని గమనించి, నేను మంచులో కూర్చునే ఊపిరి పీల్చుకున్నాను.

కులకర్ణి కలిసిన టీ దుకాణం దగ్గర ఇప్పుడు ఆయన లేడు, పైకి వెళ్లిపోయాడు. దుకాణదారు ఆమెకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు ఇచ్చి, నలభై కాదు కదా, ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. నాగేశ్ మూడుసార్లు డబ్బు చాపాడు. మూడోసారి ఆయనకు కోపం వచ్చింది.

సాయంత్రానికి కమలాదేవి ఇల్లు చేరాం. ఆమె జీపు కోసం మనిషిని పంపింది. ఏమైందని అడిగితే గోలీల సంగతి చెప్పాను, చిన్నగా, అంతవరకే. జీపు ఎక్కుతుంటే కొట్టం వాకిట్లోంచి కోడలు నా చెయ్యి పట్టుకుంది. అత్త వింటుందేమోనని మెట్లవైపు చూసి అడిగింది.

"ఆ గోలీ ఏ రంగులో ఉంటుంది?"

అట్ట చూపించాను. ఆమె గుర్తుపట్టింది. పండగలకు ఇంట్లో వంట ఆగకుండా ఆమె కూడా అదే మింగుతుందట.

జిల్లా దవాఖాన

కాలికి స్కాన్ తీశారు. డాక్టరు కుర్రవాడే. తెర మీద మోకాలి వెనక సిర చూపించి, నెత్తురు పారాల్సిన చోట పారడం లేదన్నాడు. గడ్డ. ఛాతీ స్కాన్ తీసి, అక్కడికి పోలేదన్నదాకా నాగేశ్ కారిడార్ గోడకు వీపు ఆనించి నిలబడే ఉన్నాడు, కుర్చీ ఉన్నా. పిక్క పిసికారా అని అడిగాడు డాక్టరు. లేదన్నాను. "మంచిపని," అని సూది తెమ్మన్నాడు.

ఏ కారణం వల్ల అని నాగేశే అడిగాడు. ఏ ఒక్కదాన్నీ వేలుపెట్టి చూపలేనని, అన్నీ కలిసే ఉంటాయని, ఆ గోలీలు మాత్రం ఇక ముట్టొద్దని డాక్టరు చెప్పాడు.

భయం అక్కడితో పోలేదు. గోలీ ఆగింది కాబట్టి మంజులకు ముట్టు వచ్చింది. నెత్తురు పలచన చేసే సూదులు పడుతున్నాయి కాబట్టి ఆగలేదు. గడ్డకడితే ఒక భయం, కట్టకపోతే ఇంకో భయం. నర్సు వచ్చి చూసి, డాక్టర్ను పిలిచి, మందు మోతాదు సరిచూసుకునేదాకా దవాఖాన ఎదుట మేం దిగిన లాడ్జి గదికీ వార్డుకీ మధ్య నేను తిరిగిన తిరుగుడు కొండ నడక కంటే ఎక్కువ.

ఒక మధ్యాహ్నం నాగేశ్ దవాఖాన ప్రహరీ రాయి మీద కొబ్బరికాయ కొట్టాడు. చిప్పలోని నీళ్లు స్టీలు గ్లాసులో పట్టుకొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"తాగు. నీళ్లు తాగుమన్నరు గద."

"బాపు కాయ," అన్నది మంజుల. "నేను ముట్టున్న."

"తెలుసు," అన్నాడు.

ఆమె తాగింది. రెండు గుక్కలే ఉన్నాయి. చిప్ప ముక్కలు పక్క మంచాలకు పంచాడు.

మళ్లీ మొయినాబాద్

ప్రయాణం చేయవచ్చని డాక్టరు ఒప్పుకున్నాక వచ్చాం. మంజుల కొన్ని నెలల పాటు నెత్తురు గడ్డకట్టకుండా గోలీలు వాడాలి. ఇవి నిజం గోలీలు, అందరి ముందూ పెట్టుకుని మింగేవి. వారం తిరక్కముందే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఈసారి నాగేశ్ తల్లి లక్ష్మమ్మ కూడా వచ్చింది.

డాక్టరమ్మ కాగితాలన్నీ చదివి, కాలు చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఇప్పుడు చెప్పు మంజులా. ఇంకేమన్న మింగుతున్నవా? పసర్లు, గుడి గోలీలు, ఏదైన."

నేను లేచాను.

"అక్కా, ఏడికి?"

"బయట కూసుంట. నువ్వు చెప్పుకో."

మంజుల నా కొంగు పట్టుకుంది. "కూసో. మాట్లాడకు, గంతే."

కూర్చున్నాను. మాట్లాడలేదు. మంజుల మొదటినుంచీ చెప్పింది, వాయిదా, అట్ట, నీళ్లు, రాతి వెనక కూర్చోలేకపోవడం, అన్నీ. డాక్టరమ్మ మధ్యలో ఒక్కసారి కూడా ఛీ అనలేదు. చివరికి లక్ష్మమ్మ గొంతు సవరించుకుంది.

"మా గల్లీ ఆడోళ్లు శనివారం శ్రీశైలం పోతున్నరు డాక్టరమ్మా. నలుగురు ఆ గోలీ తెచ్చుకున్నరు. ఒకామెకు ఇదివరకే కాళ్ల వాపులు. నేనే చెప్పిన, తెచ్చుకోర్రి అని."

"వాళ్లను తోల్కరా అమ్మా, చూస్త."

"తోల్కొస్త." లక్ష్మమ్మ నా వైపు ఒకసారి చూసింది. "ఈమె లేనప్పుడు."

శనివారం కంటే ముందే తోలుకొచ్చింది. ఆటోలో నలుగురు దిగి, వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది. నేను బయట, చెప్పుల దగ్గర కూర్చున్నాను.